చిన్నస్వామి మొదలియారు స్వరలేఖనము – ఒక పరిశీలనము

తెలుగు కీర్తన తెలుగునాట పుట్టినదెంతయో, తమిళనాట పెరిగినదంతయు. కాకర్ల వంశజుడగు త్యాగరాజస్వామి (1767–1847) కావేరీతీరమున తిరువైయారున నివసించి తెలుగున పాడెను. ఆ పాటను విని, నేర్చి, వ్రాసికొని, కాపాడి మనకందించినవారిలో పెక్కుమందికి తెలుగు ఇంటిభాష కాదు. ఈ విషయమును మనవారు తఱచుగా గర్వముతో చెప్పుకొందురు. గర్వించుట సులభము, దాని వెనుకనున్న శ్రమను పరిశీలించుట కొంత కష్టము. అట్టి శ్రమకు తన జీవితమును ధారపోసిన యొక వ్యక్తి కృషిని, అందలి గుణదోషములతో విచారించుట ఈ వ్యాసోద్దేశము. ఆయన ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు. మద్రాసు సచివాలయమున ఉద్యోగి, తమిళుడు, కథోలిక క్రైస్తవుడు, పాశ్చాత్య సంగీత లేఖనమునందు నిష్ణాతుడు. త్యాగరాజ కృతులను ఐరోపా స్వరలిపిలో వ్రాసి లోకమునకందింపవలెనని సంకల్పించి, 1892–93 ప్రాంతమున ‘ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్’ అను పేర భాగములు భాగములుగా ప్రకటించిన మహనీయుడు. ఆ గ్రంథము వెలువడిన ముద్రాక్షరశాల పేరు ‘ఏవ్ మరియా’. కన్య మరియమ్మ పేర వెలసిన అచ్చుకూటమున రామభక్తుని పాటలు అచ్చుపడుట మన సంగీతచరిత్రలో తలచుకొనదగిన సంఘటన.

మొదలియారు స్వీకరించిన సాధన మేమో మొదట తెలిసికొనవలెను. ఐదు గీతలమీద చుక్కలు పెట్టి స్వరమును చూపు పాశ్చాత్య లిపి రాజాస్థానములలో పుట్టలేదు, దేవాలయమున పుట్టినది. పదునొకండవ శతాబ్దమున ఇటలీదేశమున గ్విడో అను క్రైస్తవ సన్యాసి గాయకబాలురకు ప్రార్థనగీతములు నేర్పుచుండెను. ఆ బాలురు పదేండ్లు నేర్చినను గురువు లేనిదే క్రొత్త పాటను పాడలేకుండిరి. గ్విడో గీతలు గీచి, ఏ గీత యే స్వరమునకు గుర్తో నిర్ణయించి, ఒకటి రెండేండ్లలోనే వారిని స్వతంత్రులైన గాయకులుగా తీర్చవచ్చునని చాటెను. మన సరిగమలవలె ‘ఉత్ రే మి ఫ సోల్ ల’ అను స్వరనామములను గూడ ఆయనయే యొక స్తోత్రగీతపు పాదముల తొలి యక్షరములనుండి గ్రహించెను. కనుక ఈ లిపి మూలమున ఒక దేవాలయ సంగీతోపాధ్యాయుని బోధనోపాయము. నేడు క్రైస్తవ దేవాలయములలో ఆర్గను వాయించువారును, పిల్లలకు పియానో నేర్పువారును ఆ యుపాధ్యాయుని వారసులే. మొదలియారు సైతము ఆ పరంపరకు చెందినవాడే. గురుముఖమున తప్ప మఱియొక మార్గమున లభింపని విద్యను కాగితము మీదికి తెచ్చి, కోరిన ప్రతివానికి అందుబాటులో నుంచవలెనను పట్టుదల ఇరువురిది నొక్కటే.

అయితే గ్విడోకు ముందు ఐరోపాలో లిపియే లేదనుకొనరాదు. అంతకు పూర్వము అక్షరములపై చిన్న చిన్న వంకరగుర్తులు పెట్టెడివారు. కంఠ మెచ్చట లేచునో, ఎచ్చట వాలునో, ఎచ్చట వణకునో, ఎచ్చట నిలుచునో ఆ గుర్తులు తెలుపును. స్వరస్థానమును మాత్రము తెలుపవు. గీతలు వచ్చిన పిమ్మట స్వరస్థానము నిశ్చితమైనది. కంఠవిన్యాసమును తెలుపు సూక్ష్మ సంజ్ఞలు క్రమముగా మాసిపోయినవి. ఒకటి లభించినపు డొకటి పోయినది. ఇంచుమించు ఎనిమిదివందల యేండ్ల తరువాత మద్రాసున ఇదే చిక్కు మొదలియారునకు ఎదురైనది. ఐరోపావారి సంగీతము ఆ నష్టమును సహించి, బహుస్వరమేళన మార్గమున మఱియొక సౌధమును నిర్మించుకొన్నది. మన సంగీతమునకు ఆ నష్టము ప్రాణాంతకము. ఏలన, మనకు గమకము అలంకారము కాదు, స్వరస్వరూపమే.

దీనికొక యుదాహరణము చాలును. తోడిరాగమున గాంధారమును పియానోమీద నొక మెట్టు నొక్కి చూపవచ్చును. ఆ ధ్వని సాధారణ గాంధారమే. కాని తోడి కాదు. పాడువాడు ఆ గాంధారమున నిలువడు. రిషభ మధ్యమముల నడుమ ఊగుచు దానిని పలికించును. ఐదుగీతల లిపిలో అది యొక చుక్క. చదువరి ఆ చుక్కను చూచినచో చుక్కనే పలుకును. శంకరాభరణమును వ్రాసినపుడు ఐరోపావారి ‘మేజర్’ మేళముతో పోలిక కంటికి కనబడును. చెవికి మాత్రము రెండును వేఱు. మొదలియారు ఈ భేద మెఱుగనివాడు కాడు. వాలాజాపేట కృష్ణస్వామి భాగవతులవంటి త్యాగరాజ శిష్యపరంపరలోని విద్వాంసులవద్ద కూర్చుండి, విని, సరిచూచుకొని వ్రాసినవా డాయన. విన్నదంతయు వ్రాయవలెనన్న తపన యాయనది. లిపి యొప్పుకొన్నంత మాత్రమే కాగితమునకెక్కినది.

ఇచ్చట పియానోకును ఫిడేలునకును గల తారతమ్యమును గమనింపవలెను. రెండును పశ్చిమమునుండి వచ్చినవే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు (1786–1858) ఫిడేలును నేర్చి మన సంగీతమునకు పొత్తు కుదిర్చిన తొలివారిలో నొకడు. నూఱేండ్లు నిండకమునుపే అది మన కచేరీకి విడదీయరాని యంగమైనది. తంత్రిమీద వ్రేలు జారును. కనుక గమకము పలుకును. పియానోమెట్టు జారదు, అందువలన అది మన కచేరీలో స్థానము సంపాదింపలేదు. పియానో చిన్నచెల్లె లనదగిన హార్మోనియమునకు 1940 మొదలు 1971 వఱకు ఆకాశవాణిలో నిషేధ ముండుటకును ముఖ్య కారణ మిదియే. మొదలియారు లిపి ఫిడేలు చేతిలో కొంతవఱకు బ్రతుకగలదు; పియానో ముందు పెట్టినచో అస్థిపంజరమే మిగులును. ఆ కాలమున ఈ లిపిని సులభముగా చదువగలవారిలో పెక్కురు పియానో ముందు కూర్చున్నవారే యగుట ఆయన దురదృష్టము.

ఆయన పాఠకు లెవరను ప్రశ్న ఇక్కడ సహజముగా పుట్టుచున్నది. మన విద్వాంసులకు ఆ లిపి రాదు. ఆ లిపి వచ్చిన దొరలకు మన రాగము రాదు. ఇట్లు రెంటికి చెడ్డ రేవడి స్థితి యా గ్రంథమునకు పట్టినది. అదే కాలమున తచ్చూరు సింగరాచార్యుల సోదరులు మద్రాసునుండియే తెలుగులిపిలో, సరిగమలతో సంగీతపాఠ్యపుస్తకములు ప్రకటించుచుండిరి. అవి విద్యార్థుల చేతులలో నలిగి చిరిగినవి. పాఠ్యపుస్తకమునకు అంతకంటె గొప్ప ప్రశంస లేదు. మొదలియారు గ్రంథము చిరుగకుండ గ్రంథాలయములలో నిలిచినది. బెంగాలున శౌరీంద్రమోహన ఠాగూరు (1840–1914) అప్పటికే మన సంగీతమునకు ఐరోపా లిపి తగదనియు, దేశీయ స్వరలిపియే తగుననియు వాదించియుండెను. ఈ వాదమును బట్టి చూచినచో మొదలియారు ఓడిపోయిన పక్షమున నిలిచినవాడుగా తోచును.

పెక్కుమంది విమర్శకు లింతటితో ఆగుదురు. గాని యింతటితో ఆగుట న్యాయము కాదు. తన పద్ధతియే సంపూర్ణమని భ్రమించువాడు ఒక తీరు. తన పద్ధతికందని దేదో కలదని గుర్తించి, దానిని తెలిసినవానిని వెదకువాడు వేఱొక తీరు. మొదలియారు రెండవ తీరువాడు. బాలస్వామి దీక్షితుల దత్తపుత్రుడగు సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఎట్టయాపుర సంస్థానమున నుండెను. ముత్తుస్వామి దీక్షితుల కృతులు, ప్రాచీన లక్ష్యలక్షణములు ఆయన యింట వంశధనముగా నుండెను. మొదలియారు ఆయన నాశ్రయించి, ఆ నిధిని లోకమునకు వెల్లడింపుమని ప్రార్థించెను. 1899లో ఎట్టయాపురమునకు పోయి, ప్రభువును గూడ వేడుకొనెను. ఫలితము 1904లో ఎట్టయాపురముననే అచ్చయిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. మొదలియారు ప్రోత్సాహము తన గ్రంథరచనకు కారణమని దీక్షితులవారే దాని పీఠికలో కృతజ్ఞతతో పేర్కొనిరి.

ఆ గ్రంథము తెలుగులిపిలో వెలువడినది. తమిళదేశపు దక్షిణాగ్రమునకు దాపున నున్న యొక చిన్న సంస్థానమున, తమిళు డొకడు వేడగా, దీక్షితవంశజుడు రచింపగా, ఆ సంస్థానప్రభువు వెచ్చింపగా, సంగీతమునకు అనువైన లిపి తెలుగని అందఱు నొప్పుకొని అచ్చొత్తించిరి. డెబ్బదిరెండు మేళముల లక్షణములు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండువందలకు పైగా, ఇతర వాగ్గేయకారుల రచనలు అందు కలవు. అంతకంటె ముఖ్యమైనది గమకసంజ్ఞల యేర్పాటు. కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, ఖండింపు, వళి, జారు మొదలగువానికి వేఱు వేఱు గుర్తు లేర్పఱచి, ప్రతిస్వరము నెత్తిపై వానిని నిలిపిరి. గ్విడో నాటికి ఐరోపావారు పోగొట్టుకొనుచుండిన కంఠవిన్యాస సంజ్ఞలే ఎట్టయాపురమున మఱియొక రూపమున మరల పుట్టినట్లయినది. నొక్కు, జారు అనునవి పండితులు కల్పించిన పారిభాషికములు కావు. పొలమునను వంటింటను వాడుకొను మాటలు. శాస్త్రమునకు చాలినంత బలము మన వాడుకమాటలలో కలదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

కావున మొదలియారు లిపి వ్రాయలేకపోయిన దానిని, ఆయన వేడుకోలు వ్రాయించినది. ఆయన గ్రంథము గొప్పతన మందలి చుక్కలలో లేదు. ఆ చుక్కలు చాలవని తెలిసిన పిమ్మట ఆయన చేసిన పనిలో కలదు. సాధనమున కాదు, శ్రద్ధలో ఆయన గెలిచెను. విమర్శకులు ఒక రచనను దాని పుటలలోనే తూచుదురు. కొన్ని రచనల బరువు అవి పుట్టించిన యితర రచనలలో నుండును. చిన్నస్వామి మొదలియారు కృషి యట్టిది.

ఈ సందర్భమున క్రైస్తవమతమునకును తెలుగుపాటకును గల సంబంధమును గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌధరి (1803–1890) తెలుగున క్రీస్తుస్తుతిపరములగు కీర్తనలు రచించెను. ఆయన పూర్వులు వంగదేశీయులు. నివాసము ఒరియా తెలుగు భాషల సరిహద్దు. అయినను దేశీయ రాగతాళములలో, తెలుగు నుడికారముతో ఆయన వ్రాసిన కీర్తనలు నేటికిని తెలుగు క్రైస్తవ దేవాలయములలో పాడబడుచున్నవి. తంజావూరున వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళమున ఇదే మార్గము త్రొక్కెను. తరువాతికాలమున తంజావూరి అబ్రహాం పండితులు (1859–1919) తమిళ సంగీతశాస్త్రమును పరిశోధించి 1917లో ‘కరుణామృత సాగరము’ను ప్రకటించిరి. చౌధరియు శాస్త్రియు క్రైస్తవ విషయమును మన సంగీతరూపమున పోసిరి. మొదలియారు మన విషయమును క్రైస్తవ దేవాలయమున పుట్టిన లిపిలో పోసెను. దారులు ఎదురెదురు దిక్కులవి. ఇరువురి నడుమ గోడ మాత్రము లేదు. తన మతమును విడువకయే పరుల భక్తిని గౌరవించుట సాధ్యమని మొదలియారు జీవితము చెప్పుచున్నది. రామునిపై పాటలు వ్రాసి యుంచుటకు ఆయన రామభక్తుడు కానక్కఱలేకపోయెను. పాటపై భక్తి యుండినది, అది చాలినది.

ఇక హొసూరు కృష్ణగిరి ప్రాంతములవారికి ఈ చరిత్రతో నేమి పని యనవచ్చును. పని కలదు. మద్రాసునుండి బెంగుళూరునకు పోవు రహదారి వాలాజాపేట దాటి, వేలూరు, ఆంబూరు, వాణియంబాడిమీదుగా కృష్ణగిరి చేరి, అటనుండి హొసూరు సోకును. త్యాగరాజ కృతులను భద్రపఱచిన వాలాజాపేట పరంపర, అనగా వేంకటరమణ భాగవతులు (1781–1874), ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు, మన దారిలోనివారే. వారి యింటిభాష సౌరాష్ట్రము. వారి యొద్ద విని వ్రాసికొన్న మొదలియారు తమిళుడు. ఇట్లు ఆ గొలుసులో మొదటి కడియము తప్ప తక్కినవన్నియు పరభాషీయుల చేతిపనియే. వారు తెలుగును ఇంట వినలేదు, నేర్చిరి. ఈ సీమ తెలుగువారు తెలుగును ఇంట విందురు. నేర్చుటయే సందేహాస్పదముగా నున్నది. సేలము జిల్లాలో నుండి 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి ఈ సీమ మాఱినది. జిల్లా పేరు మాఱినపుడు ఇంటిమాట మాఱలేదు. 2006 నాటి తమిళ అధ్యయన చట్టముతో తమిళము ఒకటవ తరగతినుండి ఏటేట పై తరగతులకు నిర్బంధ పాఠ్యమై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. భాషాల్పసంఖ్యాక విద్యార్థులకు న్యాయస్థానములు ఆయా సంవత్సరముల పరీక్షలకు మినహాయింపు లొసగుచు వచ్చినవి. నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట ధర్మమే. అందు వివాదము లేదు. ఇంటి భాషకు బడిలో చోటు తగ్గినచో మిగులునదేమి యనునది ప్రశ్న. మాట మిగులును, అక్షరము పోవును.

అక్షరము పోయిన నేమగునో కీర్తనలనుండియే నేర్వవచ్చును. తమిళలిపిలో క గ లకు ఒకే యక్షరము. త ద లకు ఒకే యక్షరము. ప బ లకు ఒకే యక్షరము. తెలుగు కృతులను ఆ లిపిలో అచ్చువేయువారు ఈ లోపమెఱిగి, అక్షరముల పక్క ఒకటి రెండు మూడు నాలుగు అంకెలు చేర్చి భేదము చూపుదురు. అది నిజాయితీగల ప్రయత్నమే. అంకెలు గమనింపక పాడువానికి ‘బాల’యు ‘పాల’యు నొక్కటే యగును. అర్థ మెఱుగనివాడు తాళము కొఱకు మాట నెచ్చట విఱిచినను విఱుచును. ‘రాకుండ’ అను మాటను నడుమ విఱిచినచో వినువానికి ‘రా’ యనియు ‘కుండ’ యనియు వినబడును, ప్రార్థన పరిహాసమగును. స్వరలిపి ఈ దోషమును మాన్పజాలదు. అది ఏ యక్షర మే స్వరమున పడునో చూపునే గాని మాట ఎచ్చట ముగియునో చూపదు. తెలుగు కీర్తనలో రెండవ యక్షరపు ప్రాస పల్లవి, అనుపల్లవి, చరణములను ముడివేయుచుండును. ఆ ముడి తెలుగు తెలిసిన చెవికే తెలియును. గమకమువలెనే నుడికారము గూడ చుక్కల కందనిది.

తమిళ సోదరులు 1940 దశాబ్దమున తమిళ ఇసై ఉద్యమమును నడపి, తమకు తెలిసిన భాషలో పాట కావలెనని కోరిరి. అది న్యాయమైన కోరిక. అర్థము తెలిసి పాడవలెనన్న ఆ సూత్రమునే మనకును అన్వయించుకొనినచో, తెలుగు కీర్తన నిలుచుటకు దానిని తెలిసి పాడువారు, తెలిసి వినువారు కావలెను. ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని మద్రాసు సంగీత విద్వత్సభవారు 1961 మొదలు తమిళలిపిలో ప్రకటించిరి. అది మనపై కోపింపదగిన విషయము కాదు, తమిళులపై కోపింపదగిన విషయమును కాదు. అరువదేండ్లు గడవకమున్నే పాడువారి చేతులలో తెలుగులిపి జారినదనుటకు అది సాక్ష్యము. పాఠకులున్న చోటికి గ్రంథము నడచినది.

మొదలియారు కృషియందలి పాఠము ఈ సీమ పాఠశాలలకు సూటిగా తగులును. వ్రాతలో భద్రపఱచితిమి గదా యని ఊరకుండుట చాలదు. ధ్వనిముద్రణములు పెరిగిన యీ కాలమున తోడి గాంధారము ఎట్లూగునో యంత్రమే వినిపించును. మొదలియారు పడిన కష్టములో సగ మిప్పుడు తీఱినది. మిగిలిన సగము తీఱలేదు. ఆ పాటలోని మాట యేమనుచున్నదో చెప్పుటకు మనిషి కావలెను. ఆ మనిషిని తయారుచేయు స్థలము బడి. వారమున కొక గడియ తెలుగు కీర్తనను, అది రామునిపైనైనను యేసునిపైనైనను, అక్షరము చూపి, పదము విడదీసి, అర్థము చెప్పి, పిమ్మట పాడించినచో భాషాపాఠమును సంగీతపాఠమును ఒక్కటియే యగును. గ్విడో తన బాలురకు చేసినదియు ఇంతకంటె వేఱు కాదు.

చిన్నస్వామి మొదలియారు స్వద్రవ్యమును కాలమును వెచ్చించి చేసిన గ్రంథము ఆయన తలపెట్టినంత సాగలేదు. అందలి లిపిని మన గాయకులు స్వీకరింపలేదు. అయినను ఆయన లేకున్నచో దీక్షితుల యింటి నిధి ఆ యింటితోనే అంతరించియుండునేమో. తనకు మాతృభాష కాని భాషలోని పాటకై, తన మతము కాని మతమువారి భక్తికై, తన చేతనున్న పరికరము చాలదని తెలిసియు ఆయన పనిచేసెను. తెలుగు మాతృభాషగా గలవారు ఆయనకు చెల్లింపవలసిన ఋణము ప్రశంసలతో తీఱదు. ఆయన వినుటకై దూరము పోయి నేర్చిన మాట మన యిండ్లలో పలుకబడుచున్నది. దానిని చదువను వ్రాయను నేర్చిన యొక్కొక్క బాలుని వలనను, ఒక్కొక్క బాలిక వలనను, ఆ ఋణము కొంత కొంతగా తీఱును.